నాలుగు వందల అంగలకు మలుపు

మొగిలి కాకకు అంగలు లెక్కపెట్టే జబ్బు ఉండేది. మా గల్లీ నల్లా దగ్గర్నుంచి నా జిరాక్స్ షాపుకు ఎన్ని అంగలో, చర్చికి ఎన్నో, రేషన్ దుకాణానికి ఎన్నో, శవాన్ని మోసుకుపోతే బొందలగడ్డకు ఎన్నో అన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు. "రహీమూ, నీ దుకాణం కాడికెల్లి మజీదుకు రెండు వందల పన్నెండు. నువ్వు పోవు గని, ఎన్నడన్న పోతే చూసుకో" అని నన్ను వెక్కిరించేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. లెక్క తప్పడమంటే ఆయనకు ఆదివారం ఆరాధన తప్పినంత తప్పు.

ఈ మనిషి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మా గల్లీ వాళ్ళంతా ఆయన్ని మరిచిపోయే పనిలో గట్టిగా ఉన్నారు. ఆ పని అంత సుఖంగా సాగకూడదని రాస్తున్నాను.

మాది బెల్లంపల్లికి అవతల, బొగ్గు బాయిల చుట్టూ పుట్టిన బస్తీ. బాయిలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, మేం మిగిలాం. మా గల్లీని పాత లైన్ అంటారు. నలభై ఒక్క ఇండ్లు, ఒకే వరస. మెథడిస్టు చర్చి వాళ్ళు కొందరు, మా ముస్లింలు కొందరు, గుడికి పోయే అంజన్న లాంటి వాళ్ళు ఇంకొందరు. నలభై ఏళ్ళుగా ఉంటున్నా ఒక్క ఇంటికీ కాగితం లేదు. నేల కంపెనీది, గోడలు మావి. ఆఫీసు బండి ఏదైనా ఆ దారిన వస్తే చాలు, ఆడవాళ్ళు పొయ్యి మీద కూర వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేవాళ్ళు.

మొగిలి కాక మా పక్కిల్లే. మా రెండిండ్లకూ మధ్య గోడ ఒకటే. బాయిలో ముప్పై ఒక్క ఏళ్ళు చైన్‌మన్‌గా పనిచేశాడు. సర్వేయర్ కొలతలు తీస్తుంటే గొలుసు రెండో కొస పట్టుకుని నిలబడే మనిషే చైన్‌మన్. గొలుసు లాగేది ఆయన, బురదలో మోకాళ్ళ మీద కూచునేది ఆయన. లెక్క పుస్తకంలో రాసుకునేది మాత్రం సర్వేయర్. ఆ పుస్తకం ఒక్కనాడూ ఆయన చేతికి రాలేదు. కాబట్టి ఆయన తనకంటూ వేరే లెక్క పెట్టుకున్నాడు. కొత్తగా బాయి దిగిన వాళ్ళకు ముసలి కార్మికులు మొదట నేర్పేది అదే: పోయేటప్పుడు అంగలు లెక్కపెట్టుకో, బత్తి ఆరిపోతే వెనక్కి రావడానికి ఆ లెక్కే దిక్కు. అందరూ ఆరు నెలలు లెక్కపెట్టి మానేస్తారు. ఈయన మానలేదు, రిటైరైనా మానలేదు.

ఇట్లా ఉండగా, పాత కాలనీల వాళ్ళకు ఇంటి పట్టాలు ఇస్తారని కబురు వచ్చింది. ఇంటి ఆడమనిషి పేరు మీద దరఖాస్తు పెట్టాలి. పాత లైన్ మొత్తం నా షాపు ముందు వరస కట్టింది. మొట్టమొదట వచ్చింది మొగిలి కాక భార్య ప్రేమమ్మ. చర్చికి కట్టుకుపోయే తెల్ల చీర కట్టుకుని, గోరింటాకు మరకలు వేలిముద్రకు అడ్డొస్తాయేమోనని బొటనవేలు సబ్బుతో రుద్దుకుని వచ్చింది.

"పుట్టింట్ల ఉన్నన్నొద్దులు దొర జాగ. అత్తగారింటికొచ్చినంక కంపెనీ జాగ. ఒక్క గోడన్న నాదని చెప్పుకొని సావాలె బిడ్డా" అంది. అరవై మూడేళ్ళ మనిషి, పళ్ళు సగం లేవు, నవ్వితే చిన్నపిల్లలా ఉండేది. నేను దరఖాస్తు కొట్టిచ్చాను. ఆమె రోజూ సాయంత్రం వచ్చి "వచ్చిందా?" అని అడిగేది, ఏదో ఉత్తరం వస్తుందన్నట్టు.

పట్టాకు ఒక మెలిక ఉంది. కింద బాయి తవ్వి ఉన్న చోట ఇవ్వరు, నేల కుంగుతుంది కాబట్టి. మా బస్తీ కింద ఒకటో ఇంక్లైన్ ఉంది. ఇంక్లైన్ అంటే నేలలోకి వాలుగా దిగే బాయి. అది మూతపడి ముప్పై ఏళ్ళు దాటింది. దాని లోపలి దారుల నక్షా కాగితం ఒక వానాకాలం తడిసి, మిగిలింది చెదలు తిని, మట్టిలో కలిసిపోయింది. కొలతలు తీసిన సర్వేయర్లు ఒక్కరూ బతికి లేరు. లోపలి దారి ఎటు పోయిందో చెప్పే మనిషి లేడని ఆఫీసు చేతులెత్తేసింది.

అప్పుడు వచ్చాడు భానుప్రసాద్. పట్నంలో ఏదో యూనివర్సిటీలో, ఉపగ్రహాల లెక్కలతో నేల కుంగడం మీద పరిశోధన చేస్తున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి, ఎండకు మొహమంతా కమిలిపోయి ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, అది ముందే చెప్పాలి. చెడ్డవాడైతే మాకు కొంత హాయిగా ఉండేది. నా షాపులో కూచుని ల్యాప్‌టాప్ తెరిచి మాకు చూపించాడు. పన్నెండు రోజులకోసారి ఉపగ్రహం మన మీదుగా పోతుందట, కింది నేలకు రాడార్ తాకించి తిరిగి పట్టుకుంటుందట, ఇంటి కప్పు గోరు మందం కుంగినా తెలుస్తుందట.

"పైనుంచి కుంగింది కనపడుతుంది గాని, ఎందుకు కుంగిందో కనపడదు. లోపలి దారి ఎవరైనా నేల మీద నడిచి చూపిస్తే, రెండూ కలిపి మ్యాప్ చేస్తాను. ఆఫీసు ఆ మ్యాపే తీసుకుంటామంది" అన్నాడు.

మేమంతా ఒక్కసారే మొగిలి కాక పేరు చెప్పాం, ఆయన మొదట్లో గొలుసు పట్టింది ఆ బాయిలోనే. అంజన్న అయితే పరుగున పోయి ఆయన్ని చేయిపట్టి తీసుకొచ్చాడు. కాక ల్యాప్‌టాప్ వంక కూడా చూడలేదు. నిటారుగా నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "బాయి మూతికెల్లి తిన్నగ నాలుగు వందల అంగలు. ఆడ మలుపు. కుడికి తిరిగి ఐదు వందలు. గంతే, ఆడ ఆఖరు." భానుప్రసాద్ రాసుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ నౌకరీలో కాక చెప్పింది ఆయన ఎదుటే రాసుకుని, తిరిగి చదివి వినిపించింది ఆ అబ్బాయి ఒక్కడే.

ఆ సాయంత్రం గోడ అవతల మాటలు నాకు, నా భార్య అజీజాకు స్పష్టంగా వినిపించాయి.

"ఏమయ్యా, గా మలుపు మన లైన్ కిందికొస్తదా?" అని ప్రేమమ్మ అడిగింది.

"వస్తే వస్తది."

"తుమ్మల మైదానం కాడనే మలుగరాదా? మూడు నూర్ల చిల్లరకు మలుగు, ఏం పోతది?"

"నాలుగు నూర్లంటే నాలుగు నూర్లే. తక్కువ చెప్తే అబద్ధమైతది."

"లోపలికి పోయి ఎవలు చూసొచ్చిండ్రు?"

"నేను చూసొచ్చిన గదనే."

ఆ తర్వాత ప్రేమమ్మ గిన్నెలు కడుగుతున్న చప్పుడు చాలాసేపు గట్టిగా వినిపించింది. "పాగల్ బుడ్ఢా, జర పక్కకు నడిస్తే వీని సొమ్మేం పోతది?" అని అజీజా పళ్ళు కొరికింది. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. నిజాయితీ మంచిదే, పక్క ఊళ్ళో ఉంటే ఇంకా మంచిది.

మర్నాడు పొద్దున గల్లీకి గల్లీ కాక వెంట నడిచింది. మూసేసిన బాయి మూతి దగ్గర మొదలుపెట్టాడు. ముందు కాక, వెనక జీపీఎస్ కర్ర పట్టుకుని భానుప్రసాద్, ఆ వెనక మేం. కాక పెదవులు మాత్రమే కదులుతున్నాయి. తుమ్మ చెట్ల మైదానం దాటాడు. ఆగలేదు. అంజన్న వెనక నుంచి "కాకా, జర ఆగు, సోచాయించు" అన్నాడు. కాక తల తిప్పలేదు. సరిగ్గా మా గల్లీ నల్లా దగ్గర కాలు ఆపి "నాలుగు నూర్లు" అన్నాడు. కుడికి తిరిగాడు. పాత లైన్ ఇండ్ల గుమ్మాల వెంట, ఒక్కొక్క ఇంటినీ దాటుకుంటూ నడిచాడు. తన గుమ్మంలో ప్రేమమ్మ నిలబడి ఉంది. ఆమె మొహం చూసి కూడా అంగ తప్పలేదు ఆయన. ఐదు వందలకు ఆఖరి ఇల్లు కూడా దాటిపోయింది.

భానుప్రసాద్ షాపుకొచ్చి రెండు లెక్కలూ కలిపి చూసుకుని, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పాత లైన్ ఇండ్లు ఏటేటా కొద్దిగా కుంగి లేస్తున్నట్టు ఉపగ్రహం ముందే చెప్పిందట. ఇప్పుడు తాత నడక కూడా అక్కడే పడింది. రెండూ సరిపోయాయి. మాది నల్లరేగడి, వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, కట్టిన నాటి నుంచీ ప్రతి గోడకూ బీటలే అని మాలో ఎవరమైనా చెప్పి ఉండొచ్చు. ఆయన అడగలేదు, మాకు తోచలేదు.

మ్యాప్ ఐదు నెలలకు తయారైంది. ఆఫీసు మనిషి పెన్‌డ్రైవ్ తెచ్చి, పదకొండు గంటల మీటింగుకు పెద్ద సైజు కలర్ కాపీలు కావాలన్నాడు. పాత లైన్ ఎర్రగా ఉంది. చుట్టూ కొంత పసుపు, కొంత ఆకుపచ్చ. మైదానం మాత్రం తెల్లగా ఉంది. అది తెల్లగా ఎందుకుందో మ్యాప్ అడుగున చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంది: అక్కడ ఇండ్లు లేవు, తుమ్మపొదల మీద రాడార్ నిలవలేదు, అందుకని లెక్క దొరకలేదు, అక్కడి సంగతి తెలియదు. నేను అది చదివాను. ఆ అడుగు ముక్క కాగితం మీద సగమే పట్టింది. చేసిచ్చేదేదో నీటుగా ఉండాలని బ్లేడుతో కత్తిరించి డబ్బాలో పడేశాను. ఈ మాట ఇప్పటి దాకా ఎవరికీ చెప్పలేదు.

మీటింగులో కాగితం చూసి ఆఫీసు వాళ్ళు రెండు నిమిషాల్లో తేల్చేశారు. ఎరుపు అంటే ప్రమాదం, ఖాళీ చేయించాలి. తెలుపు అంటే ఏ మచ్చా లేదు, అక్కడ రేకుల షెడ్లు వేసి జనాన్ని ఉంచాలి. పాత లైన్ దరఖాస్తులన్నీ పక్కన పెట్టేశారు. ఆ వార్త మధ్యాహ్నానికి గల్లీకి చేరింది. సాయంత్రానికి మొగిలి కాక ఇంటి మీద మొదటి రాయి పడింది.

ఆ తర్వాత మేం చేసినవి రాయడానికి చెయ్యి రాదు, అయినా రాస్తాను. నల్లా దగ్గర ప్రేమమ్మ బిందెను వరస నుంచి తీసి మోరీలో పెట్టారు. పెట్టింది నా భార్యే. ప్రేమమ్మ దాన్ని కడుక్కుని మళ్ళీ వరస చివర పెట్టుకుంది, మళ్ళీ తీశారు. చర్చిలో ఆ ఇద్దరి పక్కన చాప ఖాళీగా ఉండేది. కాక ఎదురైతే పిల్లలు "నాలుగు నూర్లు! నాలుగు నూర్లు!" అని అరిచేవాళ్ళు, పెద్దలు నవ్వేవాళ్ళు. ఒకరోజు ఆయన నల్లా దగ్గర నిలబడి "నా ఇల్లు సుత అండ్లనే పోయింది గదరా" అన్నాడు.

"నీ ఇల్లు పోతే నీ కర్మ. మమ్ముల ఎందుకు ముంచినవు? నీకు పిచ్చి, మాకు శిక్ష" అని అంజన్న మొహం మీదే ఉమ్మినంత పని చేశాడు. ఆ రోజు నుంచి కాక పగటిపూట ఇంట్లోంచి రావడం తగ్గించాడు.

ప్రేమమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అది గోడ అవతల నుంచి నాకు బాగా తెలుసు. నా షాపుకు మాత్రం వచ్చి అడిగింది. "రహీమూ, దరఖాస్తు కొట్టేసిండ్రా, పక్కకు పెట్టిండ్రా?" పక్కకే పెట్టారని చెప్పాను. "అయితే ఇంక ఆశ ఉన్నది" అని వెళ్ళిపోయింది. నేను కుర్చీ కూడా వెయ్యలేదు.

వేసవి చివర్లో జేసీబీలు వచ్చాయి. నలభై ఏళ్ళు కట్టుకున్న నలభై ఒక్క ఇండ్లు మధ్యాహ్నం భోజనాల లోపే నేలమట్టమయ్యాయి. మైదానంలో తుమ్మలు నరికి షెడ్లు వేశారు. ఎవరికి ఏ షెడ్డో చీటీలు తీయాలి. నలభై షెడ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒకటి మాత్రం చోటు చాలక దూరంగా, పొదల అంచున వేశారు. ఆ చీటీలు నా షాపులోనే కత్తిరించాం, నేనూ అంజన్నా. డబ్బాలో నలభై చీటీలే వేశాం. కాకను అందరికన్నా ఆఖర్న పిలిచాం, ఆయన వంతు వచ్చేసరికి డబ్బా ఖాళీ. "మిగిలింది నీదే కాకా" అన్నాడు అంజన్న. ప్రేమమ్మ సామాను నెత్తిన పెట్టుకుని ఆ చివరి షెడ్డుకు నడిచింది. పొరుగు లేకుండా బతకమని మేం ఇచ్చిన శిక్ష అది. మాకు ఆ రాత్రి బాగా నిద్ర పట్టింది.

శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు తెరిపిచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ప్రేమమ్మ షెడ్డు వెనక గిన్నెలు తోముకుంటోంది. నిండు బస్తా కింద పడేసినట్టు ఒక చప్పుడు వినిపించింది, అంతే. మేం పోయి చూసేసరికి షెడ్డు వెనక గోడ లేదు, అక్కడ నేల లేదు. రెండు మంచాలు పట్టేంత గుంత, ఐదారు నిలువుల లోతు. అంచున ఒక సత్తు గిన్నె మిగిలింది.

కాక రేషన్ దుకాణం నుంచి వచ్చాడు. బియ్యం సంచి కింద పెట్టి, నడుముకు తాడు కట్టమన్నాడు. ఎవరూ వద్దనలేదు, ఎందుకంటే దిగే ధైర్యం ఇంకెవరికీ లేదు. లోపల మట్టి కుప్ప, దాని పక్కనే పాత గ్యాలరీ, అంటే బొగ్గు తవ్విన సొరంగం, నోరు తెరుచుకుని ఉంది. "ప్రేమా, ఓ ప్రేమా" అని ఆయన పిలవడం పైకి వినిపించింది. ఆమెను ఆయన అట్లా పేరు పెట్టి పిలవగా నేను అంతకు ముందు వినలేదు. పిలుపు లోపలికి, లోపలికి పోయింది. కొంతసేపటికి పిలుపు ఆగి లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఇరవై రెండు దగ్గర ఆగింది. అవతల అంతా నీళ్ళట.

పైకి లాగాక ఆయన గుంత అంచున కూచున్నాడు. ఒళ్ళంతా నల్లటి బురద. ఏడవలేదు. తన రెండు పాదాల వంకే చూస్తూ "స్లీపర్లు" అన్నాడు.

మాకు అర్థం కాలేదు. "బొగ్గు టబ్బులు పోయే రైలు పట్టాల కింద చెక్కలు. బాయిల నడిచేది గా స్లీపర్ మీదికెల్లి గీ స్లీపర్ మీదికే. నడుమ కాలు పెడితే బురద. రెండు ఫీట్లకొకటి. ఇప్పుడు కాలు పెట్టినంక యాదికొచ్చింది. పైన నేను సడక్ మీద నడిచినట్టు నడిచిన" అన్నాడు.

నేను ఫోన్ తీసి లెక్క వేశాను. స్లీపర్ల మీద నాలుగు వందల అంగలంటే ఎనిమిది వందల ఫీట్లు. ఆయన మామూలు అంగ రెండున్నర ఫీట్లు, అంటే వెయ్యి. రెండు వందల ఫీట్లు ఎక్కువ నడిచి మలిగాడు. అసలు మలుపు మైదానంలోనే ఉంది. ప్రేమమ్మ మలగమన్నది అక్కడే. గట్టి నేల మీదున్న మమ్మల్ని లేపి, బోలు నేల మీద కూచోబెట్టారు. ఆ బోలు సరిగ్గా ఆ చివరి షెడ్డు కిందే పోయింది. మిగతా నలభై షెడ్లూ దానికి ఇవతల ఉన్నాయి.

రెస్క్యూ టీం వచ్చి రెండు రోజులు వెతికింది. గ్యాలరీ కప్పు పెళ్ళలు పెళ్ళలుగా రాలుతోందని మూడో రోజు ఆపేసింది. గుంత పెద్దదవుతుంది కాబట్టి పూడ్చాలన్నారు. మొదటి టిప్పర్ ముందు కాక అడ్డంగా పడుకున్నాడు. ఇద్దరు పోలీసులు ఆయన్ని చంకల కింద చేతులు వేసి ఎత్తి పక్కన కూచోబెట్టారు. ముప్పై టిప్పర్ల మట్టి పోశారు. పాస్టరు గారు ఆ మట్టి మీద నిలబడి ప్రార్థన చేశారు. పెట్టె లేదు, దేహం లేదు.

వారం తిరక్కుండానే అంజన్న కాక దగ్గరికి వచ్చాడు. నేనూ వెంట ఉన్నాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు గదా, మేం నిజంగానే కాళ్ళ దగ్గర కూచున్నాం. "కాకా, అయింది అయింది. నువ్వు మళ్ళొక్కపారి సరిగ్గ నడిచి సూపిస్తే మన లైన్ ఎరుపుల నుంచి బయటపడ్తది. పట్టాలొస్తయి" అన్నాడు అంజన్న. "ఆమెది సుత వస్తదా?" అని అడిగాడు కాక. "ఎందుకు రాదు, వస్తది" అన్నాను. ఏ ఆధారమూ లేకుండా, నోటికొచ్చినట్టు అన్నాను.

భానుప్రసాద్ మళ్ళీ వచ్చాడు. ఈలోగా ఆయనకు డాక్టరేట్ వచ్చింది. కాక కళ్ళలోకి చూడలేకపోయాడు, అదంతా నిజమే. కాని బ్యాటరీలు నింపుకుని వచ్చాడు, పూడ్చిన గుంత నాలుగు మూలలా జీపీఎస్ కర్ర పెట్టి లెక్క తీసుకున్నాడు, "ఇలాంటి పాయింట్ దొరకడం చాలా అరుదు" అని నాతో అన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

"తాతా, ఈసారి ప్రతి అంగా ఖచ్చితంగా రెండు ఫీట్లే పడాలి" అన్నాడు టేపు తీస్తూ. పడేట్టు చేయడం ఎట్లా అని అందరం ఆలోచించాం. ఉపాయం అంజన్నకు తోచింది. రెండు ఫీట్ల తాడు కొలిచి కాక చీలమండలు రెండింటికీ కట్టాడు, అల్లరి పశువుకు బంధం వేసినట్టు. డెబ్బై ఏళ్ళ మనిషి కాళ్ళు చాపి కట్టించుకున్నాడు.

బాయి మూతి దగ్గర మొదలుపెట్టాడు. తాడు బిగిసే దాకా కాలు వేయడం, రెండో కాలు దాటించడం. రెండుసార్లు ముందుకు పడబోయాడు. ఈసారి పైకే లెక్కపెట్టాడు. మైదానం నడుమ "నాలుగు నూర్లు" అన్నాడు. కుడికి తిరిగాడు. నూట పది దగ్గర కొత్త మట్టి వచ్చింది. అక్కడ ఆగిపోయాడు.

మేం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం, ఆయన కోసం కాదు, గీత ఎటు పోతుందోనని. "నడువు కాకా, ఆగితే లెక్క తప్పుతది" అని అంజన్న కేకేశాడు. కాక ఆ మట్టి మీద కాలు పెట్టాడు. నూట పదకొండు అన్నాడు. నూట పన్నెండు అన్నాడు. అట్లాగే ఐదు వందలు పూర్తిచేశాడు. గీత పొడుగునా పాత లైన్‌కు రెండు వందల ఫీట్ల దూరంలోనే ఉండిపోయింది. ఒక్కసారిగా ఈలలు. ఆడవాళ్ళు ఒకరినొకరు కావలించుకున్నారు. అజీజా ఏడ్చేసింది సంతోషంతో. నేను కూడా రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాను. కాక ఒక పక్కన కింద కూచుని తాడు ముడి విప్పుకుంటున్నాడు. అంజన్న గట్టిగా కట్టాడు, రావడం లేదు. ఎవరమూ వెళ్ళలేదు.

కొత్త మ్యాప్ తొందరగానే వచ్చింది. పాత లైన్ ఆకుపచ్చ అయింది. ఇండ్లు లేకపోయినా జాగలు మావయ్యాయి. ఫంక్షన్ హాల్లో పేర్లు చదివి నలభై పట్టాలు ఇచ్చారు. అజీజాకు జ్వరం వచ్చి ఆ రోజు రాలేకపోయింది, అందుకని తర్వాత ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాను. కౌంటర్ దగ్గర మొగిలి కాక నిలబడి ఉన్నాడు. చేతిలో ప్రేమమ్మ దరఖాస్తు రశీదు.

"దరఖాస్తు పెట్టుకున్నామె రావాలె. వేలిముద్ర పడాలె" అంటున్నాడు క్లర్కు.

"సచ్చిపోయింది సారూ."

"అయితే డెత్ సర్టిఫికెట్ తే."

"శవం దొరకలే అని ఇయ్యలే."

"శవం లేకుంటే గల్లంతు కింద లెక్క. ఏడేండ్లు ఆగాలె."

"నా పేరు మీద జెయ్యుండ్రి."

"మొగోళ్ళ పేరు మీద లేదు పెద్దాయనా. కొత్త దరఖాస్తులు బంద్ అయినయి." ఆ క్లర్కు గొంతులో కోపం కూడా లేదు. ఫైలు మూసి పక్కన పెట్టాడు.

కాక కౌంటర్ కిటికీలోకి ఇంకాస్త వంగాడు. "ఆమె ఏడున్నదో నాకు ఎరుకే సారూ. బాయి మూతికెల్లి నాలుగు నూర్లు. కుడికి తిరిగి నూట పది. స్లీపర్ అంగలు, మామూలు అంగలు కావు. మీరు ఒక మనిషిని పంపుండ్రి, నేను నడిచి సూపిస్త. వేలిముద్ర ఆడనే తీసుకోవచ్చు."

క్లర్కు నా వంక చూశాడు. "ఏమంటుండు ఈయన? నీకు తెలుసా?"

కాక కూడా వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను ఒక్క మాట చెబితే చాలు, అంత లెక్కా నాకు తెలుసు, గుంత తెలుసు, చీటీలు తెలుసు, బ్లేడు తెలుసు. వెనక వరసలో జనం పెరుగుతున్నారు. అజీజా నా మోచెయ్యి పొడిచింది, మన పని కానివ్వమని.

"ఏం లేదు సార్. ముసలాయన" అన్నాను.

"జరుగు తాతా" అన్నాడు క్లర్కు. కాక జరిగాడు. అజీజా ముందుకొచ్చి బొటనవేలు పెట్టింది, మిషన్‌లో పచ్చ లైటు వెలిగింది, పట్టా ఇచ్చారు. మడత పడకుండా దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డ ఆయన ముందు నుంచే ఇద్దరం బయటికి వచ్చాం.